విడుపు

నూకరత్నం పోయిన పదకొండో నెలలో ఆమె కూతురు హైమవతి ఆ పేరును తనలోంచి తీయించేసుకుంది.

తల్లిని మరిచిపోయిందని కాదు. మరిచిపోయే మందు ఎవరూ కనిపెట్టలేదు, హైమ అడగనూ లేదు. తల్లి మొహం, నడక, వేలి మీద కత్తిపీటకు తెగిన మచ్చ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. తీయించుకున్నది ఒక్కటే. ఆ పేరు చెవిన పడగానే కడుపులో తిరిగే మెలిక.

ఆ మెలిక ఆస్పత్రిలో పడింది. నూకరత్నం పద్దెనిమిది రోజులు ఐసీయూలో ఉంది. అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక నర్సు బయటికి తొంగిచూసి, "నూకరత్నం తాలూకు ఎవరండీ?" అని కేకేసేది. మందుల చీటీకి అదే కేక, రక్తం కావాలంటే అదే కేక. పద్దెనిమిదో రోజు ఆ కేకకు లేచి వెళితే ఒక కాగితం చేతిలో పెట్టారు. మిషన్ తీసేయడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. తండ్రి గౌరినాయుడు పెన్ను పట్టుకున్నాడు గానీ చెయ్యి కదల్లేదు. హైమే పెట్టింది.

మనిషి పోయినా పేరు పోలేదు. మరణ ధ్రువపత్రం ఇచ్చే కిటికీ దగ్గర, రేషన్ కార్డు మార్చే చోట, గ్యాస్ కనెక్షన్ ఆఫీసులో, ఎవరో ఒకరు లోపలి నుంచి "నూకరత్నం!" అని పిలుస్తూనే ఉన్నారు. ఆ కేకకు హైమ మీసేవ కేంద్రంలో ఒకసారి అందరి ముందూ వాంతి చేసుకుంది. చివరికి టీవీలో నూకాలమ్మ జాతర చూపిస్తున్నా లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

విశాఖలో సముద్రం కనిపించే గుట్ట మీద రెండంతస్తుల పరిశోధనశాలలో హైమది ఉద్యోగం. అక్కడ తయారవుతున్నది సరిగ్గా ఇలాంటి వాళ్ల కోసమే. దానికి 'విడుపు' అని పేరు పెట్టింది ఆ శాల పెద్ద, డాక్టర్ ఇందుమౌళి. బాధ పెట్టే మాటలను వచ్చినవాళ్లకు చదివి వినిపించడం, వేళ్లకు తొడిగిన తొడుగుల్లోంచి వాళ్ల చెమట, నాడి ఎలా మారుతున్నాయో తెర మీద గీత చూసి రాసుకోవడం హైమ పని. రెండేళ్లు ఆ కుర్చీ పక్కన నిలబడి చదివిన మనిషి ఒకరోజు తానే వెళ్లి కుర్చీలో కూర్చుంది.

ఇందుమౌళి ఆమె నాలుక కింద రెండు చుక్కలు వేసి, తలకు తీగల టోపీ పెట్టింది.

"జ్ఞాపకం పైకి తేలినప్పుడు కాసేపు పచ్చిగా ఉంటుంది, నీకు తెలుసుగా. ఆ కాసేపట్లోనే విడదీయాలి. పిలువు."

"నూకరత్నం" అంది హైమ. తెర మీద గీత కొండలా లేచింది. టోపీ టకటకమంది.

"మళ్లీ."

నలభై సార్లు పిలిచింది. మొదట ఏడ్చింది, తర్వాత ఏడుపు ఆగింది, తర్వాత ఎందుకు ఏడ్చానా అనుకుంది. సాయంత్రానికి గీత నేలకు అంటుకుంది. మర్నాడు తండ్రితో బ్యాంకుకు వెళ్తే గుమస్తా ఆ పేరు మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ హైమ లేచి వెళ్లి చూపించిన చోట సంతకం పెట్టి వచ్చింది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. భర్త ఉదయ్ పోర్టులో క్రేన్ల షిఫ్టులు చూసే ఉద్యోగి. కాలం గడిచేకొద్దీ భార్య కుదుటపడిందనుకున్నాడు. నాలుగు నెలలకు ఆమె గర్భవతి అని తెలిసింది. ఇంకేం కావాలి అనుకున్నాడు.

ఏడో నెల వచ్చింది. పుట్టింటికి పంపుదామంటే చూసుకునే తల్లి లేదు. అందుకని గౌరినాయుడే సంచీ సర్దుకుని కూతురింటికి వచ్చేశాడు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. వచ్చిన మొదటి ఆదివారం మధ్యాహ్నం ఉదయ్ ఒక నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టాడు. నెల రోజులుగా పేర్లు రాస్తున్నాడు. ఆడపిల్లకు ఒక పక్క, మగపిల్లాడికి ఒక పక్క, ప్రతి పేరుకూ ఎదురుగా అర్థం.

"అర్థం బాగుండాలి, పిలవడానికి తేలిగ్గా ఉండాలి. విను. అనిమిష, అంటే రెప్ప వెయ్యనిది. మిహిక, అంటే మంచు. ఎలా ఉంది?"

"బాగుంది" అంది హైమ.

"ఏది?"

"రెండూ."

గౌరినాయుడు చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నవాడు ఆగి, చేతులు తుండుగుడ్డకు తుడుచుకున్నాడు.

"బాబూ, నానొక మాట సెప్తాను, ఏటీ అనుకోకు. నా మనసుకి ఆవిడే వస్తన్నట్టుంది. ఆడపిల్ల పుడితే నూకరత్నం అని పెట్టండి. ఇస్కూల్లో పిలవడానికి మీకు నచ్చిన పేరు ఇంకోటి పెట్టుకోండి. మగోడైతే నూకరాజు. ఆ పేరు ఇంట్లో ఇనపడితే సాలు నాకు."

ఉదయ్ ఆదుర్దాగా భార్య వైపు చూశాడు. ఏడాది కిందట ఈ పేరుకు ఆమె ఎలా అయిపోయేదో అతనికి గుర్తే.

హైమ చిక్కుడుకాయల గిన్నె తన వైపు లాక్కుంది.

"సరే, అలాగే పెడదాం" అంది. అని, ఒక కాయ తుంచి, "గ్యాస్ బుక్ చేశావా?" అని అడిగింది.

గౌరినాయుడు కూతురి మొహంలోకి చాలాసేపు చూశాడు. ఒప్పుకున్నందుకు సంతోషించాలో, ఒప్పుకున్న తీరుకు బెంగపడాలో ఆయనకు తెలిసినట్టు లేదు. హైమకు ఆ చూపు అర్థమైంది. ఇక్కడ ఏడవాలి, లేదా కనీసం తండ్రి చెయ్యి పట్టుకోవాలి. చెయ్యి పట్టుకుంది. అది చిక్కుడు పసరుతో జిగటగా ఉంది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

మర్నాడు పరిశోధనశాలకు ఎర్రయ్య వచ్చాడు. ఆయన చేపల వేటకు వెళ్లే మనిషి. రెండేళ్ల కిందట పడవ తిరగబడి అన్నదమ్ములిద్దరిలో తానొక్కడే ఒడ్డుకు వచ్చాడు. ఆ తర్వాత 'సముద్రం' అన్న మాట వినలేక, అలల చప్పుడు వినబడే ఇంట్లో ఉండలేక, రోడ్డు పక్కన టార్పాలిన్ కింద పడుకునేవాడు. విడుపు చేశాక నెలలోపే మళ్లీ పడవ ఎక్కాడు. ఈ శాలకు ఎవరు వచ్చినా ఇందుమౌళి ముందుగా ఎర్రయ్య సంగతే చెప్పేది.

ఇప్పుడు ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. వెంట భార్య ఉంది, ఆమె పేరు పోలమ్మ. కట్టు మార్చుతున్నంతసేపూ ఆమే మాట్లాడింది.

"మూడో నెంబరు తుపాను జెండా ఎగరేసినారమ్మా. ఒక్క పడవా ఎల్లనేదు. ఈయన ఎల్లినాడు. వద్దురా నాయనా అని కాళ్లట్టుకున్నాను. తుపానంటే ఏటి, గాలే గదా అన్నాడు. పడవ పోనాది, ఏళ్లు పోనాయి. నాను ఏడస్తన్నాను, ఈయన సూస్తన్నాడు. ఎందుకేడస్తన్నావని అడుగుతున్నాడు."

హైమ ఎర్రయ్యను అడిగింది. "నీకు భయం వెయ్యలేదా?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "బయం ఎయ్యాలని తెలుసమ్మా. రానేదు."

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక హైమ గది తలుపు వేసుకుంది. వేళ్లకు తొడుగులు పెట్టుకుని, వచ్చినవాళ్లను పరీక్షించే మూడువందల మాటల రికార్డు వేసింది. మూడేళ్ల కిందట ఉద్యోగంలో చేరినప్పుడు తన మీదే పరీక్షించిన గీతలు పెట్టెలో ఉన్నాయి. వాటిని పక్కన పరుచుకుంది.

నూకరత్నం దగ్గర గీత చదునుగా ఉంది. అది తెలిసిందే. అమ్మ, చదును. చీర, గాజులు, జడ, చదును. సంతకం, ఆస్పత్రి, మంచం. అక్కడితో ఆగుతుందనుకుంది. ఆగలేదు. మాట ఒంటరిగా ఉండదు, పక్క మాటల చేతులు పట్టుకుని ఉంటుంది. ఆ చేతుల వెంట ఆ మొద్దుతనం ఏడాదిగా పాకుతూనే ఉంది. ఇల్లు. పండగ. పాట. 'నాన్న' దగ్గర గీత చీమ కదిలినంత కదిలింది. 'ఉదయ్' దగ్గర అంతకన్నా తక్కువ. 'బిడ్డ' అని రికార్డు రెండుసార్లు చదివింది. రెండుసార్లూ గీత స్కేలుతో గీసినట్టే ఉంది.

మూడేళ్ల కిందటి కాగితం మీద, పెళ్లైనా కాని రోజుల్లో, అదే మాటకు గీత చిన్న గుడిసెలా లేచి ఉంది.

హైమ ఆ రెండు కాగితాలనూ చాలాసేపు చూసింది. లోపల బిడ్డ కదిలింది, మోకాలో మోచెయ్యో పక్కటెముకల కింద ఒత్తింది. హైమ ఆ చోట చెయ్యి వేసి, ఒత్తిడి తగ్గేదాకా ఉంచి, తీసేసింది. ఇది చూసి భయపడాలి అని ఆమెకు తెలుసు. తెలియడం వరకే జరిగింది.

హైమ ఇందుమౌళి గది తలుపు తోసేసరికి ఆవిడ శుక్రవారం అనుమతుల సంఘం ముందు పెట్టాల్సిన కాగితాలు సర్దుకుంటోంది. సంఘం సరేనంటే రాష్ట్రంలో ప్రతి పెద్దాస్పత్రిలోనూ విడుపు కుర్చీ వెలుస్తుంది. హైమ తన గీతలు ఆమె ముందు పెట్టి, ఎర్రయ్య సంగతి చెప్పింది.

ఇందుమౌళి కళ్లజోడు పెట్టుకుని చదివింది. తొందరపడలేదు.

"నలభై ఒక్కమందికి చేశాం హైమా. అందులో ముప్పై తొమ్మిది మంది హాయిగా నిద్రపోతున్నారు. నువ్వు, ఎర్రయ్య. ఇద్దరు."

"మిగతా వాళ్లు నిద్రపోతున్నారా అనే అడిగాం మేడం. ఇంట్లోవాళ్లు ఏడిస్తే మీకేమనిపిస్తోంది అని అడగలేదు."

అది విన్నా ఇందుమౌళి కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది. హైమకు ఉన్నట్టుండి ఒక అనుమానం వచ్చింది.

"మీరు ఎవరి పేరు తీయించుకున్నారు?"

"మా అబ్బాయిది" అంది ఇందుమౌళి. గొంతు మారలేదు. "శశాంక్. ఎనిమిదేళ్లప్పుడు పోయాడు. మొట్టమొదట ఆ కుర్చీలో కూర్చున్నది నేనే, లెక్కల్లో రాయలేదు. చూడు, పేరు చెప్పేశాను. ఏమీ కాలేదు. రేపు వాడి పుట్టినరోజట. ఫోన్ గుర్తు చేస్తే తెలిసింది."

"మీ గీతలు ఎప్పుడైనా చూసుకున్నారా?"

చూసుకోలేదు. హైమ తొడుగులు తెచ్చి ఆమె వేళ్లకు పెట్టింది. రికార్డు వేసింది. అరగంట పాటు ఇద్దరు ఆడవాళ్లు కదలకుండా తెర చూశారు. మూడువందల మాటల్లో గీత లేచినవి తొమ్మిది. పాము, నిప్పు, లిఫ్టు లాంటివి.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అంది ఇందుమౌళి, తొడుగులు తీసి బల్ల మీద వరసగా పెడుతూ. నిజంగానే అడిగింది.

"ఏం చెయ్యాలో మనిద్దరికీ తెలుసు మేడం. చెయ్యాలనిపించడం లేదు, అంతే."

ఇందుమౌళి తలూపింది.

"అనిపించకుండానే చేద్దాం" అంది హైమ.

శుక్రవారం ఇద్దరి గీతలూ సంఘం ముందు పెట్టారు. ఇందుమౌళి చదివినంతసేపూ ఆమె గొంతులో వణుకు లేకపోవడం చూసే సంఘంలో ఒకాయన కలం కింద పెట్టేశాడని తర్వాత తెలిసింది. అనుమతి రాలేదు. శాలకు తాళం పడింది. వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు గేటు దగ్గర పోగయ్యారు. వాళ్లలో ఒకావిడ, మంటల్లో చెల్లెల్ని పోగొట్టుకున్న మనిషి, హైమ చెయ్యి పట్టుకుని గుంజింది. "నువ్వు చేయించుకున్నావు. నువ్వు నిద్రపోతున్నావు. నన్ను మాత్రం వద్దంటావా?" అని అడిగింది. ఆమె గోళ్లు దిగిన చోట హైమ ఇంటికెళ్లి పసుపు రాసుకుంది.

తాళం వేసే ముందు రోజు హైమ ఒక్కటే అడిగింది. "తీసింది మళ్లీ కట్టొచ్చా?"

"కట్టలేం" అంది ఇందుమౌళి. "పాత మాటలకు దారులు మూసుకుపోయాయి. కానీ విడుపు చేసిన ఎలుకల్లో ఒక సంగతి గమనించాను. అవి ఎప్పుడూ వినని గంట మోగిస్తే, దానికి మాత్రం మామూలుగానే అలవాటుపడ్డాయి. ఆ చప్పుడుకు భయపడ్డాయి, సంతోషపడ్డాయి. పాతవాటితో ఏ చుట్టరికమూ లేని చప్పుడై ఉండాలి. అంతకుమించి నాకు తెలియదు."

ఆ సాయంత్రం ఉదయ్ డ్యూటీ నుంచి రాగానే హైమ అతన్నీ తండ్రినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. కుర్చీ, చుక్కలు, నలభై సార్లు పిలవడం. 'బిడ్డ' అన్న మాటకు గీత లేవలేదని కూడా చెప్పింది. దాచేద్దామా అని ఒకసారి ఆలోచించింది గానీ, దాచాలంటే కూడా ఏదో అనిపించాలి.

ఉదయ్ లేచి బాల్కనీలోకి వెళ్లి, మళ్లీ వచ్చి, అదే కుర్చీలో కూర్చున్నాడు.

"నాకు చెప్పాల్సింది" అన్నాడు. "ముందు చెప్పాల్సింది హైమా. ఇన్నాళ్లూ నాతో నువ్వు..." ఆపేశాడు. "ఇన్నాళ్లూ నువ్వు మామూలుగానే ఉన్నావనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను."

గౌరినాయుడు నేల చూస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "అమ్మ పేరు అంత నొప్పెట్టిందా నీకు?"

"పెట్టింది నాన్నా."

"మరి నాకు సెప్పనేదేటి? నాకూ పెట్టింది. ఇద్దరం కలిసి పడుందుం గదా."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని లేచి, గది బయట చెప్పులు వేసుకుని ఎటో నడుచుకుంటూ వెళ్లిపోయాడు. గంటన్నర తర్వాత వచ్చాడు. చేతిలో బొప్పాయి ఉంది, దారిలో కొన్నట్టున్నాడు. గర్భిణికి పెట్టకూడదని గుర్తొచ్చి దాన్ని గుమ్మం పక్కనే వదిలేశాడు.

"ఆ పేరొద్దులే" అన్నాడు కూతురి ఎదురుగా కూర్చుంటూ. "నడస్తా ఆలోచించినాను. నాను మాత్రం ఎప్పుడు పిలిచినాను ఆ పేరు? పెళ్లైన కొత్తలో 'ఏమే' అనీవోణ్ణి. నువ్వు పుట్టినాక 'హైమా' అనీవోణ్ణి. మనూళ్లో అంతే గదా, పెద్దబిడ్డ పేరు పెట్టే పెళ్లాన్ని పిలుస్తారు. నాను గుమ్మంలోంచి 'హైమా' అంటే మీరిద్దరూ ఒకేసారి 'ఆ' అనీవోరు. నూకరత్నం అని పిలిచినోళ్లు ఆస్పత్రోళ్లు, రేషన్ షాపోళ్లు. ఆళ్ల పేరది. ఆళ్లకే ఉండనీ."

హైమకు ఆ 'ఆ'లు రెండూ గుర్తున్నాయి. తల్లిది వంటింట్లోంచి వచ్చేది, తనది పెరట్లోంచి.

"నాకు ఇంకో సంగతి తోస్తోంది" అంది. "అర్థం ఉన్న ఏ పేరు పెట్టినా, ఆ అర్థం నా దగ్గర చచ్చిపోయే ఉంటుంది. మంచు అన్నా, వెలుగు అన్నా, లక్ష్మి అన్నా. అర్థమే లేని పేరు కావాలి. ఇంతకుముందు ఎవరూ పిలవని పేరు. ఏ మాటతోనూ చుట్టరికం లేనిది."

"అర్థం నేని పేరేటమ్మా?" అన్నాడు గౌరినాయుడు, అదిరిపడినట్టు. "కుక్కపిల్లకి కూడా అర్థం సూసి పెడతారు."

ఉదయ్ మాత్రం నోటుబుక్కు తీశాడు. నెలరోజులు రాసిన పేజీలు వదిలేసి కొత్త పేజీ తిప్పాడు. కోపం ఇంకా పూర్తిగా పోలేదు, పెన్ను గట్టిగా నొక్కి రాస్తున్నాడు. అయినా రాస్తున్నాడు.

అది అనుకున్నంత సులువు కాలేదు. పది రోజులు పట్టింది. ఉదయ్ అక్షరాలు కలిపి ఏదో ఒకటి చెప్పేవాడు. గౌరినాయుడు బస్సులో ముప్పై ఏళ్లు రకరకాల ఊళ్ల మనుషుల మాటలు విన్న మనిషి, దేన్నీ వదిలేవాడు కాదు.

"నివిర."

"నివురు. బూడిద."

"జేవిన."

"జేవురు మొహం అంటారు గదా బాబూ. కోపమొస్తే."

"ఇవెర."

"ఎవురా అని అడిగినట్టుంది. పిల్ల పుట్టగానే ఎవురా అంటే బాగుంటదేటి?"

ఉదయ్‌కు ఆ రోజు నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత. హైమ నవ్వలేదు గానీ, నవ్వుతున్న ఇద్దరినీ చూస్తూ కూర్చుంది. ప్రతి మాటకూ ఎక్కడో ఒక బంధువు తేలుతోంది. ఒకటి హిందీలో గిన్నె అయింది, ఒకటి ఒరియాలో ఏదో కూర అయింది, ఒకటి ఉదయ్ పనిచేసే చోట క్రేను కంపెనీ పేరు అయింది.

పదకొండో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ ఉదయ్ నురగ నోటితో ఏదో అన్నాడు.

"ఏమన్నావు?" అంది హైమ.

"యోమిర."

ఇద్దరూ గౌరినాయుడి వైపు చూశారు. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని పైకి చూశాడు, పెదవులు కదిపాడు, రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు.

"యోమిర. ఊహూఁ. ఏటీ గుర్తుకి రావట్లేదమ్మా."

"అయితే అదే" అంది హైమ.

తొమ్మిదో నెల నిండిన నాలుగు రోజులకు పిల్ల పుట్టింది. ఆడపిల్ల. నర్సు తెచ్చి గుండెల మీద పడుకోబెట్టింది. పక్క మంచం మీది అమ్మాయి తన బిడ్డను చూసి వెక్కివెక్కి ఏడుస్తోంది. హైమ తన బిడ్డ వేళ్లు లెక్కపెట్టింది. పదీ ఉన్నాయి. పాలు పట్టడం నర్సు చూపించినట్టే పట్టింది. తప్పు లేకుండా అన్నీ చేసింది. ఉదయ్ అది గమనిస్తూనే ఉన్నాడు. ఆమె చేస్తున్న పనుల్లో సగం తాను అందుకున్నాడు.

ఇరవై ఒకటో రోజు బారసాల చేశారు. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయించబోతూ పంతులుగారు ఆగారు. "యోమిర. వినలేదమ్మా ఎప్పుడూ. అర్థం ఏమిటో?"

"ఇంకా లేదండీ" అంది హైమ.

ఆయన ఆమె వైపు, ఉదయ్ వైపు చూసి, ఇక అడగకుండా కానిచ్చారు. బిడ్డ చెవిలో పేరు మూడుసార్లు చెప్పమన్నారు. హైమ వంగి చెప్పింది. ఆ మూడు అక్షరాలూ నోట్లో చల్లటి గులకరాళ్లలా ఉన్నాయి. వచ్చిన చుట్టాలు ఇదేం పేరని వెనక గుసగుసలాడుకున్నారు.

ఆ తర్వాత హైమ ఒక నియమం పెట్టుకుంది. ఉగ్గు పడుతున్నా, లాల పోస్తున్నా, గుడ్డలు మారుస్తున్నా పేరు పెట్టే పిలవాలి. నలభై సార్లు పిలిస్తే ఒక పేరు చచ్చిపోయింది. ఎన్నిసార్లు పిలిస్తే ఒకటి బతుకుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. పిలిచేది. పిల్ల చూసేది కాదు, పైన తిరుగుతున్న ఫ్యాన్ను చూసేది. హైమ మళ్లీ పిలిచేది.

రెండు నెలలు నిండబోతున్నాయి. ఒక ఉదయం ఉదయ్ డ్యూటీకి వెళ్లాక హైమ మేడ మీద గుడ్డలు ఆరేస్తోంది. పిల్ల కింద తాత దగ్గర ఉంది. పాలు తాగి పడుకుంది, లేచే వేళ కాదు. హైమ తడిగుడ్డ ఒకటి దులిపి తీగ మీద వేస్తుండగా కింది నుంచి గౌరినాయుడు అరిచాడు.

"యోమిరా!"

అది పిలుపు కాదు.

తర్వాత ఎంత ఆలోచించినా, మెట్లు ఎలా దిగిందో హైమకు గుర్తు రాలేదు. ముందు కాళ్లు పరిగెత్తాయి. తలుపు అంచుకు భుజం కొట్టుకుంది. పిల్ల మొహం ఎర్రగా, ఆ పైన ఊదారంగుగా మారుతోంది. పాలు ముక్కులోకి ఎక్కి ఊపిరి ఆడటం లేదు. గౌరినాయుడు రెండు చేతులూ గాల్లో పెట్టి నిలబడిపోయాడు. హైమ పిల్లను లాక్కుని మోచేతి మీద బోర్లా వేసుకుంది. తల కిందికి వంచి వీపు మీద అరచేత్తో తట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోసారికి ముక్కులోంచి, నోట్లోంచి పాలు జారి హైమ పాదం మీద పడ్డాయి. పిల్ల గాలి పీల్చుకుని కేరుమంది.

ఇల్లంతా ఆ ఏడుపుతో నిండింది. హైమ నేల మీద కూలబడింది. పిల్లను భుజాన వేసుకుంది గానీ చేతులు ఆగడం లేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. తన వేళ్లు ఇలా వణకడం చూసి ఎంతకాలమైందో ఆమెకు తెలియలేదు.

"పోనాదనుకున్నానమ్మా" అంటూ గౌరినాయుడు గోడకు చేరబడి ఏడుస్తున్నాడు. "పోనాదనుకున్నాను."

చాలాసేపటికి పిల్ల ఏడుపు ఎక్కిళ్లుగా మారి, మెల్లగా సద్దుమణిగింది. హైమ అలాగే కూర్చుని ఉంది.

"నాన్నా. పిలువు."

"ఏటి?"

"దీని పేరు. పిలువు."

గౌరినాయుడికి ఎందుకో అర్థం కాలేదు. కళ్లు తుడుచుకుని కూతురి మొహం చూశాడు. ఆ మొహంలో ఏం కనిపించిందో గానీ, పెద్దగా అంటే ఏమవుతుందో అన్నట్టు చిన్న గొంతుతో అన్నాడు.

"యోమిర."

రొమ్ముల కింద ఎక్కడో సూది గుచ్చినట్టు కలుక్కుమంది. హైమ కళ్లు మూసుకుని, ఆ నొప్పి ఎక్కడ మొదలైందో, ఎటు పోతోందో వెతుక్కుంది. పిల్ల వెచ్చటి తల ఆమె మెడ వంపులో కదిలింది.

"మళ్లీ పిలువు" అంది.